లాంచీలో పెట్టెలు

“అబద్ధం చెప్తివో, ఆ నీళ్లలోనే ఉండిపోతావు బాషా,” అన్నాడు సుబ్బరాయుడు పడవ అంచున కూర్చుని. “పెద్దన్న పెట్టెల్లో ఉండేది తుపాకులా, రాళ్లా? అదొక్కటి చూసి చెప్పు, సాలు.”

కమాల్ బాషా గాలి సిలిండరు వీపుకు బిగించుకున్నాడు. కువైట్‌లో పదేళ్లు నీళ్లలో మునిగి ఓడల అడుగులు గీకినవాడికి మైలవరం డ్యామ్ నీళ్లు ఒక లెక్క కాదు. అతని భయమంతా చెల్లెలు సకీనా గురించే. ఆమె కాపురం పెద్దన్న ఊళ్లో.

సుబ్బరాయుడికీ, ఎదుటి వర్గం నాయకుడు పెద్దన్నకూ పార్టీవాళ్లు రాజీ కుదిర్చి ఆరు నెలలైంది. చేపలు గూళ్లు పెట్టుకుంటాయని జాలర్ల సొసైటీవాళ్లు ముంచబోయిన పాత ఇనుప లాంచీలోకే రెండు వర్గాల ఆయుధాల పెట్టెలూ ఎక్కించి, జనమంతా చూస్తుండగా ముంచేశారు. ఆ రోజు నుంచి ఏ ఊళ్లోనూ బాంబు పేలలేదు.

“రాళ్లుంటే ఏంజేస్తావు మామా?”

“రాళ్లుంటే వాని రాజీ ఉత్తిదేనని. ఇంగ నాకు నిద్రెట్లా పడ్తాది?”

నిద్ర పట్టని సుబ్బరాయుడు ఏం చేస్తాడో చుట్టుపక్కల ఏడూళ్లకూ తెలుసు.

పక్కనున్న అనుచరుడు గంగులయ్య నవ్వాడు. “చెల్లెలుంది గదాని లేని తుపాకులు ఉండాయని చెప్పేవు. ఉంటే ఒకటి పైకి తే. కంటితో చూస్తాం.”

అబద్ధమైనా ఆడి ఆ ఊరిని కాపాడుకుందామనుకున్నాడు కమాల్ బాషా. ఆ దారీ మూసుకుపోయింది.

నీళ్లలోకి దూకాడు. పది నిలువులు దిగేసరికి పచ్చటి వెలుగు బూడిదరంగుకు తిరిగింది. తాడు పట్టుకుని ఇంకో రెండు నిలువులు దిగాడు. కాళ్లకు ఇనుము తగిలింది. టార్చి వేయగానే జిలేబి చేపల మంద లాంచీ కిటికీల్లోంచి గుప్పున బయటికొచ్చింది. లోపల ఓ మూల, పెద్దన్న పేరు రాసిన మూడు ఇనుప పెట్టెలు.

గడ్డపార మూతకింద దోపి ఆగాడు. బుద్ధెరిగినంక మొదటిసారి తుపాకుల కోసం అల్లాను వేడుకున్నాడు.

మూత లేచింది.

తుపాకులు! రెండో పెట్టె తెరిచాడు. తుపాకులే. మూడోదాని నిండా వేటకొడవళ్లు. ఒక్క రాయి లేదు. నోట్లో గొట్టం ఉండబట్టి సరిపోయింది గానీ, లేకుంటే గట్టిగా నవ్వేవాడే.

ఒక తుపాకీ చంకన పెట్టుకుని పైకి తేలాడు.

“మామా! నిండుగా ఉండాయి! కొడవళ్లతో సహా అన్నీ వేసేసినాడు. పెద్దన్న మాట తప్పలే!”

సుబ్బరాయుడు తుప్పు పట్టిన తుపాకీని అటూ ఇటూ తిప్పి చూశాడు. బాషాకు చెయ్యందించి పడవలోకి లాగాడు. తన కండువాతోనే అతని తల తుడిచాడు.

“సల్లటి మాట చెప్తివి బాషా,” అని గంగులయ్య వైపు తిరిగాడు. “వాని ఊళ్లో ఇప్పుడు కట్టెపుల్ల గూడా లేదు. మన పెట్టెల్లో రాళ్లు ఆడనే ఉండనీ. మన తుపాకులు జీపులకెక్కించు.”