వచ్చేవాళ్ల కోసం గేటు

గేటు మళ్లీ బార్లా తీసి ఉంది.

గ్రాడీ ట్రక్కు ఆపి దిగాడు. అతని ఆవులు అప్పటికే అవతలికి వెళ్లి, పక్క పొలం వెర్నా గడ్డివాములో మూతులు పెట్టేశాయి.

వయోమింగ్ కొండల్లో ఎవరి గేటు ఎలా ఉంటే అలాగే వదిలి వెళ్లాలి. అది అక్కడి మర్యాద. కానీ మొదటి మంచు పడగానే సొంత గేటు తీసిపెట్టి, చలికాలమంతా అలా వదిలేసే మనిషిని గ్రాడీ బుద్ధెరిగాక ఈవిడనే చూశాడు.

వెర్నా కోటు బొత్తాలు పెట్టుకుంటూ బయటికొచ్చింది. డెబ్బై దాటిన మనిషి. ఎక్కడో నెబ్రాస్కా నుంచి వచ్చి, ఈ పాత గొర్రెల పొలం కొనుక్కుని ఒంటరిగా ఉంటోంది.

"ఏంటమ్మా ఇది? ఏటా నా ఆవుల్ని వెతుక్కోవడమే సరిపోతోంది."

"నీ ఆవుల్ని నేనే తోలుకొచ్చి అప్పజెప్తాను బాబూ. గేటు మాత్రం వెయ్యను."

"ఎవరొస్తారని?"

"వచ్చేవాళ్లుంటార్లే. లోపలికి రా, కాఫీ తాగి వెళ్దువుగాని."

"పనుంది."

ఆవిడ ఏటా అడిగేది. గ్రాడీకి ఏటా పనుండేది.

ఊళ్లో హోటల్లో ఈ గేటు సంగతి వస్తే చాలు, అందరికీ కాలక్షేపం.

"మొగుడు పారిపోయుంటాడు. తిరిగొస్తాడని ముసలమ్మ ఎదురుచూస్తోంది" అనేవాడు గ్రాడీ స్నేహితుడు లాయిడ్.

"ఈ చలిలో ఆవిడ దగ్గరికి ఎలుగుబంటి కూడా రాదు" అని గ్రాడీ అందుకునేవాడు.

వెర్నా ఆ లోయకి వచ్చిన ఏడాదే జింకల వేటకి కొమ్ముల నియమం కూడా వచ్చింది. కంచరగాడిద చెవుల్లాంటి చెవులున్న ఆ కొండ జింకలు అప్పటికి బాగా పల్చబడిపోయాయి. తండ్రి నేర్పిన వేట తనతోనే ఆఖరవుతుందేమోనని గ్రాడీకి దిగులు పట్టుకుంది. ఒక పక్క కొమ్ముకి నాలుగు మొనలైనా లేని పోతు జింకని ఎవరూ కాల్చకూడదని పట్టుబట్టినవాడు అతనే. కుర్ర పోతుల్ని బతకనిస్తే అవే పెద్దవవుతాయి, మంద నిలబడుతుంది. అదీ లెక్క.

బడి హాల్లో మీటింగు పెట్టినప్పుడు వెనక వరసలోంచి వెర్నా లేచింది.

"కొమ్ములు లెక్కపెట్టడం మంచిదే. కొమ్ములు మొలవని పిల్లల సంగతి కూడా చూడాలి కదా. మంచు పడితే అవి ఎటు పోతాయో..."

"పిల్లల తలల్ని గోడకి తగిలించుకోలేం కదమ్మా" అన్నాడు గ్రాడీ.

హాలంతా నవ్వింది. వెర్నా కూర్చుంది. ఆ తర్వాత ఏ మీటింగులోనూ ఆవిడ నోరు తెరవలేదు.

నాలుగైదేళ్లు తిరిగేసరికి కొండ మీద మళ్లీ పోతులు కనబడ్డాయి. నాలుగు మొనలవి, ఐదు మొనలవి. హోటల్ గోడలకి తలలు వేలాడాయి. వాటి కింద కూర్చుని గ్రాడీ మొనలు లెక్కపెట్టి చెబుతుంటే అందరూ వినేవారు. నియమం పెట్టించిన మనిషని అతని వీపు తట్టేవారు. అతనికది బాగానే ఉండేది.

ఒక ఏడాది చలికాలం మొదట్లో, మొదటి మంచు పడిన కొద్ది రోజులకే, వెర్నా పోయింది. టపా మనిషి చూసి చెబితేగాని ఎవరికీ తెలియలేదు. సమాధి దగ్గరికి నలుగురు వచ్చారు. వాళ్లలో ఆవిడ తరఫువాళ్లు ఎవరూ లేరు.

గ్రాడీకి మనసు అదోలా అయిపోయింది. ఇన్నేళ్లలో ఒక్క కాఫీ తాగలేదు. పోయినావిడకి ఈమాత్రమైనా చేద్దామని ఆ ఇంటికి వెళ్లి, గడ్డకట్టి పగలకుండా గొట్టాల్లో నీళ్లు ఖాళీ చేశాడు. కిటికీలు బిగించాడు. వెళ్లేముందు గేటు దగ్గర ఆగాడు. వెర్నా చివరిగా చేసిన పని అదే కాబోలు, గేటు తీసి, కదలకుండా రాయి అడ్డం పెట్టి ఉంది.

రాయి తీసి గేటు వేశాడు. గాలికి ఊడకుండా తీగ చుట్టి ముడేశాడు.

"ఇంక ఎవరూ రారులే అమ్మా" అన్నాడు, కాస్త ప్రేమగానే.

ఆ వారంలోనే మంచు ముంచెత్తింది. దారి మూసుకుపోయింది. మార్చి ఆఖరులోగాని తెరుచుకోలేదు.

కంచె ఎంతవరకు నిలిచిందో చూద్దామని గ్రాడీ, లాయిడ్ వెళ్లారు.

గొర్రెల కోసం ఎప్పుడో కట్టిన కంచె అది. నేలదాకా ఇనుప వల, పైన ముళ్ల తీగ. కరుగుతున్న మంచులో, కంచెకి కొండవైపున, జింక పిల్లలు పడి ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి. మూతులన్నీ వలకి ఆనించి ఉన్నాయి. గేటు దగ్గర మరీ ఎక్కువ.

కంచెకి అవతల, వెర్నా పొలంలో, మంచు నిలవని చోట, ఆడజింకలు కొన్ని నిలబడి ఉన్నాయి. మనుషుల్ని చూసినా కదల్లేదు.

"తల్లులు దూకేసుంటాయి" అన్నాడు లాయిడ్ మెల్లగా. "ఇంత మంచులో పిల్లలు దూకలేవు."

గ్రాడీ గేటు వైపు నడిచాడు. లాయిడ్ వెనకాలే వచ్చాడు.

"ఏటా ఇటే దిగేవేమోరా. మేతకి."

గ్రాడీ చేతి తొడుగు తీసి గేటు తీగ విప్పబోయాడు. చాలా గట్టిగా వేసిన ముడి అది. వేళ్లకి రాలేదు. అతనికి ఏడుపొచ్చింది.

ఇన్నేళ్లూ తను మొనలు లెక్కపెట్టిన పోతుల్లో ప్రతి ఒక్కటీ, కొమ్ములు మొలవని పిల్లగా ఉన్నప్పుడు, వెర్నా రాయి అడ్డం పెట్టిన ఈ గేటులోంచి నడిచి బతికిందే.