నీడ పెంచమ్మా

"నీడ కొంచెం పెంచమ్మా. ఫ్రేములో కొట్టొచ్చినట్టు కనపడాల."

ఆ మాటకు భార్గవి ముచ్చటపడింది. నరసరావుపేటలో ఆమె స్టూడియోకి వచ్చేవాళ్ళంతా "తెల్లగా చెయ్యి" అనేవాళ్ళే. రాజుపాలెం నుంచి వచ్చిన ఈ ఎల్లయ్యకు షాడోస్ సంగతి కూడా తెలుసన్నమాట! కంప్యూటర్లో షాడోస్ పెంచితే చీకటిగా ఉన్నచోటికి వెలుతురొస్తుంది.

ఆయన ఫోన్లోంచి ఫొటో ఎక్కించుకుంది.

మిరపకాయల కల్లం. నెత్తికి తువ్వాలు చుట్టుకుని పకపకా నవ్వుతున్న చిన్నపిల్ల. తువ్వాలు చాటున మొహం మసకేసింది. పిల్ల కాళ్ళ ముందు, ఎర్రటి కాయల మీద, ఫొటో తీసినవాళ్ళ నీడ పొడుగ్గా పడింది.

"ఎవరు తీశారు బాబాయ్? తీయడం బొత్తిగా రానట్టుందే!"

"రాదమ్మా" అని నవ్వాడు ఎల్లయ్య. "రేపే పెద్దకర్మ. పొద్దుగూకేలోపు ఇయ్యాల మరి."

భార్గవి మళ్ళీ ఫొటోలోని పిల్ల వంక చూసింది. ఇంత చిన్నపిల్లకా! ఇంకేమీ అడగలేకపోయింది.

ఆ పూట అన్నం కూడా మానేసి కూర్చుంది. షాడోస్ పెంచింది, మొహం విచ్చుకుంది. హైలైట్స్ తగ్గించింది, ఎండకు వెలిసిపోయినట్టున్న గౌను రంగు తేలింది. నేలమీది నీడ పలచబడింది. మిగిలిన కాస్త మరకనూ కాయల ఎరుపుతో కప్పేసింది. కన్నబిడ్డకు తల దువ్వినంత ప్రేమగా చేసింది.

సాయంత్రం ఫ్రేము చేతికిచ్చింది.

ఎల్లయ్య చూపు పాప మొహం మీద ఆగలేదు. కిందికి దిగి, అక్కడే వెతుక్కుంది.

"నీడేదమ్మా?"

"తీసేశా బాబాయ్. పాప మొహం చూడు, ఎట్టా వెలిగిపోతందో!"

"పాపకేంది? మా పక్కింటి పిల్ల. ఈపాటికి బడి నుంచి వచ్చుంటది."

భార్గవి గబగబా కంప్యూటర్లో పాత ఫొటో తెరిచింది.

"అసలు ఫొటో అట్టాగే ఉంది బాబాయ్, మళ్ళీ చేసిస్తా. మరి... పెద్దకర్మ ఎవరికి?"

ఎల్లయ్య అద్దం మీద, ఎర్రటి కాయలున్న చోట, వేలితో మెల్లగా నిమిరాడు.

"ఆ ఫొటో తీసిన మా ఇంటిది పోలమ్మకి తల్లీ. ఎవరు తీయబోయినా మొహానికి కొంగడ్డం పెట్టుకునేది. ఆధార్ కార్డులోది చూస్తే నేనే గుర్తుపట్టలేను. మా మనిషి మా మనిషిలాగా పడింది ఆ నీడలోనే."