నలభై ఒకటో పేజీ

"తాతా, ఆ బోర్డు ముట్టుకోకండి!"

యూనివర్సిటీ గోడగడియారాలకు కీ ఇవ్వడానికి ఈ నెలే కొత్తగా కుదిరిన ముసలాయన, చాక్‌పీసు చటుక్కున కింద పెట్టేశాడు.

పరిశోధక విద్యార్థిని అసలే చిరాకులో ఉంది. సాయంత్రంలోగా థీసిస్ ఇవ్వాలి. బల్ల మీది లోలకం ఊగి ఊగి ఆగిపోతోంది. ఆమె లెక్క ప్రకారం కంప్యూటర్లో ఊగేది ఆగకపోగా, ఊపు పెంచుకుంటూ పోతోంది. నాలుగేళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరయ్యేలా ఉంది.

"రాపిడికి పోయే శక్తి లెక్కా అమ్మా?"

"కాంటాక్ట్ జామెట్రీ అని, పెద్ద గణితం. చెప్పినా మీకర్థం కాదు."

"పోయినదాన్ని పోయిందని వదిలేయకుండా, దానికీ లెక్కలో ఓ గడి పెట్టడమేగా?"

ఆమె ఉలిక్కిపడింది. మరుక్షణం ఒళ్ళు మండింది. చాటుగా తన కాగితాలు చదువుతున్నాడన్నమాట!

"నలభై ఒకటో పేజీలో ఆ గడి ముందు ప్లస్ పడింది తల్లీ. అక్కడ మైనస్..."

"నా కాగితాలకు పేజీ నంబర్లే లేవు! మీ పనయిందిగా? ఇక దయచేయండి."

ఆయన సంచీ సర్దుకుని మెల్లగా మెట్లు దిగాడు.

ఆమె వాచ్‌మన్‌కు ఫోన్ చేసింది. "గడియారాల తాతను ఇకమీదట గేటు దాటి రానివ్వకు."

మధ్యాహ్నానికి దిక్కుతోచక, తాత చెప్పిన గడి ముందు ప్లస్ తీసి మైనస్ పెట్టి చూసింది.

తెర మీది లోలకం బుద్ధిగా ఆగింది. బల్ల మీది లోలకం ఎన్ని ఊపులకు ఆగిందో, సరిగ్గా అన్ని ఊపులకే.

గైడు గదికి పరుగెత్తింది. "సార్, తప్పు మీరిచ్చిన సూత్రంలోనే ఉంది! ఎక్కడిదది?"

గైడు బీరువా తాళం తీశాడు. రంగు వెలిసిన నోటుపుస్తకం తీసి ఆ సూత్రమున్న పేజీ తెరిచాడు.

పేజీ మూలన 41 అని ఉంది.

ఆమె ఆ అంకె మీద వేలు పెట్టింది. "ఎవరిది సార్ ఇది?"

"ముప్పై ఏళ్ళ కిందట నాతోపాటు పరిశోధన చేసినవాడిది. లెక్కలో లోలకం ఆగడం లేదని కమిటీ వెళ్ళగొట్టింది. అదే రోజు గేటు దగ్గర ఆపేశారు, పుస్తకం తీసుకోవడానికైనా లోపలికి రానివ్వలేదు. ఇప్పుడెక్కడున్నాడో ఏమో!"

ఆమె ఒక్క ఉరుకున గేటు దగ్గరికి వెళ్ళింది.

"తాత... ఏమైనా అన్నాడా?"

"మీ మాటే చెప్పానమ్మా. కోపమేం పడలేదు" అన్నాడు వాచ్‌మన్, తాత ఇచ్చి వెళ్ళిన గడియారం కీ ఆమె చేతిలో పెడుతూ. "'ఈ గేటు దగ్గర ఈ మాట వినడం నాకిది రెండోసారిలే నాయనా' అని నవ్వి వెళ్ళిపోయాడు."