ముందుకు జరగండి

"ఇక్కడ మెడలోతు ఉంటుంది. మీరు ఇక్కడే నడవాలి ఆంటీ," అంది థెరపిస్టు అమ్మాయి, ఆసుపత్రి హాల్లోని ఈతకొలను చూపిస్తూ.

కండక్టరమ్మ కర్ర మీద ఆనుకుని నీళ్లలోకి తొంగి చూసింది.

"నేల మీదే అడుగు పడటం లేదు. నీళ్లలో ఎక్కడ పడుతుందమ్మాయ్?"

"పడుతుంది. మెడదాకా దిగితే మీ బరువంతా దాదాపు నీళ్లే మోస్తాయి. మీ కాళ్ల మీద పడేది పదో వంతే."

బస్సు ఫుట్‌బోర్డు మీంచి జారి తుంటి విరగ్గొట్టుకున్న మనిషి ఆవిడ. ఆపరేషన్ అయింది. కర్ర లేకుండా నిలబడగలిగితేనే బస్సు, లేకపోతే ఆఫీసులో కుర్చీ అని డిపో మేనేజరు తేల్చి చెప్పేశాడు.

"చచ్చినా కుర్చీలో కూర్చోను," అంది గట్టు మీదున్న మొగుడితో, హాలంతా వినపడేలా. "ఇన్నేళ్లు నిలబడి బతికాను. నన్ను కుర్చీకి కట్టేస్తే బతికుండి దండగ!"

గోరువెచ్చటి నీళ్లు. కమ్మీ పట్టుకుని భయంభయంగా అడుగు వేసింది. అడుగు పడింది! నొప్పి లేదు!

ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు.

అవతల నడుంలోతు నీళ్లలో, పసుపు టోపీ పెట్టుకున్న ఒకావిడ కమ్మీ కూడా పట్టుకోకుండా నడుస్తోంది. నడుస్తున్నదల్లా ఆగి, కండక్టరమ్మనే చూస్తోంది.

"ఆ చూపు చూశారా? నేను కుంటుతుంటే తమాషాగా ఉన్నట్టుంది," అంది కండక్టరమ్మ, తల తుడుచుకుంటూ.

"చూడనీవే. నీ సొమ్మేం పోయింది?" అన్నాడు మొగుడు.

"నా ఈడుదేనండీ. ఎంత హాయిగా నడుస్తోందో! నాకు కడుపు మండిపోతోంది."

పైగా కండక్టరమ్మ ఎంత పెందలాడే వచ్చినా ఆవిడ అప్పటికే నీళ్లలో ఉంటుంది. ఎంత ఆలస్యంగా వెళ్లినా ఇంకా నీళ్లలోనే ఉంటుంది.

"మాకు గంట, ఆవిడకి పూటంతానా? ఎవరి తాలూకో ఏమిటో!"

కొన్ని వారాలకి కండక్టరమ్మని ఛాతీలోతుకి తెచ్చారు. పసుపు టోపీ ఆవిడనీ అక్కడికే తెచ్చారు.

"ఎంత ఎగిరితే ఏం? నా పక్కకే వచ్చిపడింది," అని కండక్టరమ్మ లోలోపల మురిసిపోయింది.

"నా వెనకాలే రండి వదినగారూ," అంటూ ఆవిడ ముందు నడిచింది.

"ఎవరికి ఎవరు వదిన?" గొణుక్కుంది కండక్టరమ్మ.

ఆ రోజు నుంచి ప్రతిరోజూ అంతే. తనకి సరిగ్గా ఒక చేతి దూరంలో ముందు ఆవిడే. తను ఆగితే ఆగుతుంది, కదిలితే కదులుతుంది.

"ఇది వెక్కిరింత కాకపోతే ఏమిటండీ?"

"పాపం, నవ్వుతూనే ఉందిగా?"

"అదేగా నా మంట!"

ఒకరోజు ఇక పట్టలేకపోయింది.

"జరగండి జరగండి! దారివ్వండి!" అంటూ బస్సులో అరిచినట్టే అరిచి, ఆవిడని దాటి ముందుకొచ్చింది.

అంతే, నీళ్లు ఒక్కసారిగా బురదలా అయిపోయాయి. తొడలు లాగేశాయి. సగం దూరం కూడా పోలేక కమ్మీ పట్టుకుంది.

"ఇవాళ నీళ్లు మార్చారా అమ్మాయ్? ఇంత బరువుగా ఉన్నాయేంటి?"

థెరపిస్టు ఏదో చెప్పబోయింది. పసుపు టోపీ ఆవిడ చేత్తోనే వద్దని వారించింది.

"అవును వదినగారూ, ఇవాళ కొంచెం బరువుగానే ఉన్నాయి. మీరు వెనక్కి రండి."

మళ్లీ ముందుకెళ్లింది. ఈసారి ఆవిడకి ఆయాసం వస్తోంది.

"రానీ," అనుకుంది కండక్టరమ్మ. మనసుకి కాస్త చల్లగా అనిపించింది.

తర్వాత కండక్టరమ్మ నడుంలోతుకి వచ్చింది. పసుపు టోపీ ఆవిడని మాత్రం మెడలోతుకి తీసుకెళ్లారు. మెడకింద గాలిదిండు, రెండు పక్కలా ఇద్దరు మనుషులు.

"మహారాణి భోగం! నన్ను మాత్రం గాలికొదిలేశారు," అని ఆ రోజంతా మొగుణ్ని సతాయించింది.

చివరికి డిపో పరీక్షలో నెగ్గింది. బస్సు తనకే ఇచ్చారు.

మర్నాడే ఇస్త్రీ యూనిఫాం వేసుకుని, కర్ర ఇంట్లో పడేసి, హాలుకి వచ్చింది. ఒక్కసారి ఆవిడ కళ్లెదుట దర్జాగా నడిచి చూపిస్తే చాలు, ఇన్నాళ్ల మంటా తీరిపోతుంది.

నీళ్లలో ఎవరూ లేరు. కొక్కేనికి పసుపు టోపీ వేలాడుతోంది.

"ఏదమ్మాయ్ మీ మహారాణి?"

"ఇక రారు ఆంటీ. మెడదాకా దిగితే నీళ్లు ఛాతీని నొక్కుతాయి. ఆ ఒత్తిడిని తట్టుకుని ఊపిరి పీల్చుకునే బలం కూడా ఆవిడకి పోయింది."

"అదేంటి? భేషుగ్గా నడిచేదిగా!"

"నీళ్లలో నడిచేవారు. నేల మీద నిలబడగా మీరెప్పుడైనా చూశారా? మీరు రాకముందే చక్రాల కుర్చీలో తెచ్చి దింపేవాళ్లం, మీరు వెళ్లాక ఎక్కించేవాళ్లం. కండరాలు కరిగిపోయే జబ్బు. కాళ్లు మొయ్యలేక, మోసే లోతు వెతుక్కుంటూ దిగిపోయారు. మీరేమో అదే దారిలో పైకొచ్చారు."

కండక్టరమ్మ గోడ పట్టుకుంది.

"మరి అంత జబ్బు మనిషి... రోజూ పట్టుబట్టి నా ముందే ఎందుకు నడిచింది?"

"ముందు నడిచేవాళ్లు నీళ్లని చీలుస్తారు ఆంటీ. వెనకవాళ్లకి శ్రమ తగ్గుతుంది. మీరు దాటి ముందుకెళ్లిన రోజు తెలిసిందిగా, నీళ్ల బరువు?"



థెరపిస్టు కొక్కెం మీంచి పసుపు టోపీ తీసి కండక్టరమ్మ చేతిలో పెట్టింది.

"మీరొచ్చిన మొదటిరోజే నన్ను పిలిచి అడిగారు ఆంటీ, 'నాకెలాగూ కుర్చీ తప్పదు, ఉన్న కాస్త బలంతో ఆవిడకైనా తప్పిద్దాం, నన్ను ఆవిడ ముందు నడవనివ్వమ్మా' అని."