గుమ్మం ముందు బూట్లు

ఆ క్లారీ బోడెన్ నోరు మూసుకుని ఉంటే వాడి సొమ్మేం పోయేది? రెండు వారాలుగా టీగన్‌కి ఇదే ఆలోచన. కత్తి పట్టుకున్నా అదే, కోడి తొడ కోస్తున్నా అదే.

ఒంటరి తల్లులకి సర్కారు ఇచ్చే, పక్షానికోసారి పడే తొమ్మిది వందల డెబ్భై రెండు డాలర్ల భత్యం ఆగిపోయింది. ఇంట్లో మగాణ్ణి పెట్టుకుని ఒంటరి తల్లినని చెప్పుకుంటోందని ఎవరో ఆ భత్యమిచ్చే ఆఫీసుకి చేరవేశారు.

ఎవరో ఏమిటి, క్లారీయే. తెల్లవారకముందే ఎదురింటి వరండాలో కుర్చీ వేసుకుని, టీ కప్పు పట్టుకుని తయారవుతాడు. చూపంతా టీగన్ గుమ్మం మీదే. డెబ్భై దాటినవాడికి నిద్ర పట్టదు, సరే. చూడ్డానికి ఆ వీధిలో ఇంకో ఇల్లే లేదా?

అసలు అక్కడ చూడ్డానికేముంది? ఒక జత మగవాళ్ళ బూట్లు. పన్నెండో నంబరువి, బురద కొట్టుకున్నవి. పక్కన పెద్ద కుక్కగిన్నె. కుక్కా లేదు, మగాడూ లేడు. రెండూ పాతసామాన్ల దుకాణంలో కొన్నవే. అడిలైడ్ ఉత్తరపు శివార్లలో మగదిక్కు లేని ప్రతి ఇంటి ముందూ అలాంటి జత ఒకటి ఉంటుంది. దొంగవెధవలు చూసి వెనక్కి తగ్గుతారని.

ఒకసారి క్లారీ రోడ్డు అవతలినుంచి కేకేశాడు కూడా. “అమ్మాయ్, మీ ఆయన బూట్లలో సాలీడు కాపురం పెట్టింది. అప్పుడప్పుడు కాస్త అటూ ఇటూ జరుపుతుండు!”

ఆ రోజు నవ్వేసింది. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతోంది. ఉత్త బూట్లని తెలిసీ ఆఫీసువాళ్ళకి అలా చెప్పాడు. పోయిన వేసవిలో తన గడ్డికోసే మిషను టీగన్ అరువు తీసుకుని పాడుచేసిందన్న కసి అది.

కూతురు జెమ్మాకి ఆరేళ్ళు నిండిన వారమే టీగన్‌కి ఆఫీసునుంచి పిలుపొచ్చింది. పని చేస్తేనే భత్యం. ఏ పని, ఎన్నింటికి అన్నది వాళ్ళిష్టం. కోళ్ళ ఫ్యాక్టరీ చలిగదిలో మాంసం కోసే పని ఇచ్చారు. తెల్లవారుజామున నాలుగున్నరకల్లా ఫ్యాక్టరీ గేటు దగ్గర ఉండాలి. చలికాలం గడిచేసరికి వేళ్ళు తిమ్మిరెక్కాయి, రక్తపోటు పట్టుకుంది, నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయి. డాక్టరు విశ్రాంతి కావాలని చీటీ రాసిచ్చాడు. ఆఫీసువాళ్ళు చూసి, కూర్చునే పని ఇప్పిస్తామన్నారు. ఇప్పించారు. అదే చలిగదిలో, స్టూలు వేసి.

రోజూ బయల్దేరేముందు నిద్రమొహంతో ఉన్న జెమ్మా చేత తలుపు గొలుసు పెట్టించేది.

“ఎవరొచ్చినా తియ్యకు. నేను చెప్పింది గుర్తుందిగా?”

“ఉందమ్మా.”

ఒక పొద్దున్న ఆఫీసువాళ్ళిద్దరు వచ్చి తలుపు కొట్టారు. తను ఫ్యాక్టరీలో ఉంది. గొలుసు తియ్యలేదని జెమ్మా చెబితే ఊపిరి పీల్చుకుంది. ఆ మర్నాడు మూలింటావిడ చెప్పింది, వాళ్ళు వెళ్ళేటప్పుడు గేటు దగ్గర క్లారీ వాళ్ళతో చాలాసేపు మాట్లాడాడని.

ఆ వారమే, ఇంట్లో మగాడున్నాడని తెలిసిందంటూ ఉత్తరం వచ్చి భత్యం ఆగింది. రెండు వారాలు ఓపికపట్టి, చివరికి పని ఎగ్గొట్టి ఆఫీసుకి పరిగెత్తింది.

“గుమ్మంలో మగవాళ్ళ బూట్లున్నాయి కదండీ,” అంది బల్ల వెనకావిడ.

“అవి ఉత్తవి. దొంగల కోసం.”

“బూట్లొక్కటే కాదు. ఆ ఇంటి సంగతి బాగా తెలిసినవాళ్ళే చెప్పారు.”

“ఎవరు?”

“అది చెప్పకూడదు. పోనీ, ఆయన లేడనే అనుకుందాం. మీరు నాలుగింటికే వెళ్ళిపోతే పాపని ఎవరు చూస్తున్నారు?”

ఎవరూ లేరంటే పిల్లని తీసుకుపోతారు. ఉన్నారంటే తిండి పోతుంది. ఆవిడ ఆ మౌనాన్నే ఒప్పుకోలుగా రాసుకుంది.

బస్సు దిగి నేరుగా క్లారీ వరండా ఎక్కింది.

“మా గేటు దగ్గర వాళ్ళతో ఏం వాగావు?”

“నీకు మగాడెవడూ లేడని చెప్పాను.”

“లేడని చెబితే ఉన్నాడని ఎలా రాసుకున్నారు? తుప్పుపట్టిన గడ్డి మిషను కోసం ఇంత పగా? పొద్దున్నే లేచి నా గుమ్మం కేసి గుడ్లప్పగించడం తప్ప నీకింకో పనే లేదా?”

క్లారీ కప్పు కింద పెట్టాడు.

“లేదమ్మాయ్. నువ్వెళ్ళినప్పట్నించీ పిల్ల బడికెళ్ళేదాకా నాకింకో పని లేదు.”

పిల్ల ఒక్కతే ఉంటుందని కూడా వీడికి తెలుసన్నమాట. రేపు అదీ చేరవేస్తాడు.

“ఇంకొక్కసారి మా ఇంటివైపు చూశావంటే పోలీసుల్ని పిలుస్తా. ముసలాడివని కూడా చూడను!”

క్లారీ కుర్చీ ఎత్తుకుని లోపలికి పోయి తలుపేసుకున్నాడు.

ఇంటికొచ్చి బూట్లని కాలితో తన్నింది. ఒకటి వెళ్ళి కంచె దగ్గర పడింది. జెమ్మా టోస్టు తింటూ బిక్కమొహం వేసుకుని చూస్తోంది.

“ఇకమీదట ఆ ముసలాడితో మాట్లాడావంటే ఊరుకోను. మనింట్లో ఎవరో మగాడున్నాడని ఆఫీసువాళ్ళకి చెప్పింది వాడే.”

“క్లారీ తాత కాదు, నేనే చెప్పా,” అంది జెమ్మా, మెచ్చుకుంటుందేమోనని తల్లి మొహంలోకి చూస్తూ. “గొలుసు తియ్యకుండా, సందులోంచి, నువ్వు రోజూ చెప్పమన్నట్టే, ‘మా నాన్న లోపల పడుకున్నాడు, లేపితే కోప్పడతాడు’ అని.”