పక్క సీటు

“కళ్ళు మూసుకున్నావా? దొంగచూపులు చూడకూడదు,” అన్నారు మాస్టారు.

“మూసుకున్నానండీ,” అంది ఆయన భార్య, వంటింటి గుమ్మంలో నిలబడి.

“పొయ్యి దగ్గరికి ఎన్ని అడుగులు?”

“ఆరు.”

“అయిదు. నిన్నంతా చెప్పింది అదే కదా.”

ఆవిడ ఆరు వేసి గట్టుకు మోకాలు కొట్టుకుంది. మాస్టారు నిట్టూర్చి, భుజం మీది తువ్వాలు తన కళ్ళకు కట్టుకున్నారు. అయిదడుగులు వేశారు. కుడిచేతి కింద లైటరు, పై అరలో టీపొడి, దాని పక్కన చక్కెర. ఒక్క చుక్క ఒలక్కుండా రెండు కప్పుల టీ చేసి, తువ్వాలు విప్పారు.

“అర్థమైందా?”

“రేపు ఇంకొక్కసారి చేసి చూపించండి,” అంది ఆవిడ.

ఇదే ఆయనకు అంతుబట్టదు. తమ పెళ్ళికి ఎవరెవరు ఏ రంగు బట్టలు వేసుకొచ్చారో ఇప్పటికీ గడగడా చెప్పే మనిషికి, ఏడాదిన్నరగా అయిదడుగుల లెక్క బుర్రకెక్కడం లేదు. అయినా విసుక్కోలేదు. ముప్ఫై ఏళ్ళు డ్రైవింగ్ స్కూల్లో పక్క సీటులో కూర్చున్న మనిషి. స్టీరింగ్ చూస్తేనే చెమటలు పట్టేవాళ్ళను కూడా రోడ్డెక్కించారు. పక్క సీటు కింద ఆయనకు వేరే బ్రేకు ఉండేది. అది నొక్కిన సంగతి నేర్చుకునేవాళ్ళకు తెలియనిచ్చేవారు కాదు. బండి తామే ఆపామనుకుని వాళ్ళు మురిసిపోయేవారు.

నేర్పమంటే అంత ఓపిక. తన ఒంట్లో నలత అంటే మాత్రం బొత్తిగా పిరికి. బీపీ కాస్త ఎక్కువుందని ఒకసారి డాక్టరు అన్నందుకు నెల్లాళ్ళు మంచం దిగలేదు. రెండోరోజే బీరువా తాళాలు భార్య చేతికిచ్చి అప్పగింతలు పెట్టారు.

ఆవిడ అలా కాదు. కళ్ళజోళ్ళు మార్చుకుందామని ఇద్దరూ కంటి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు, కంటి వెనక పొరను ఫోటోలు తీశారు. చుక్కల మందు పడి ఎదుటి గోడ కూడా ఆనక మాస్టారు బయట బెంచీ మీద కూర్చుంటే, ఆవిడ ఒక్కతే లోపలికి వెళ్ళి ఇద్దరి సంగతీ కనుక్కుని వచ్చింది.

“మీకేం ఢోకా లేదట. నాకే, కుడి కంటి పొర కింద పసుపు మచ్చలున్నాయట. ఆ ఫోటోను వేలమంది కళ్ళతో పోల్చి కంప్యూటరు లెక్కకట్టింది. రెండేళ్ళలోపు ముదరొచ్చట. అప్పుడు పక్కనున్నవి తెలుస్తాయి గానీ, ఎదుటి మనిషి మొహం కనబడదట. రెండో కంటికీ పూచీ లేదట. గీతలు వంకరగా కనబడ్డ రోజే వస్తే ఇంజెక్షన్లతో చూపు నిలబెట్టొచ్చు, ఆలస్యం చేస్తే మా చేతుల్లో లేదన్నారు.”

ఇదంతా పొరుగింటి కబురు చెప్పినట్టు చెప్పింది.

ఆ రోజుతో మాస్టారికి మళ్ళీ ఉద్యోగం దొరికినట్టయింది. ఇంట్లో ఒంటరిగా భయమని ఆవిడ అంటే కారు తీయడం మానేశారు. డాక్టరు రాసిన కంటి మాత్రలు ఒక్కదాన్నే మింగలేనంటే తనూ మింగారు. ఆర్నెల్లకోసారి ఫోటోలకు వెళ్ళినప్పుడు ఆవిడ బెదిరితే, ఎలా కూర్చోవాలో చూపించడానికి ముందు తనే యంత్రం ముందు కూర్చునేవారు. తర్వాత తన వంతని ఆవిడ ఆయన్ని బయటికి పంపేసేది.

గీతల వంకర కనిపెట్టడానికి ఆసుపత్రిలో కాపీ తీసిచ్చిన గళ్ళ కాగితాన్ని బీరువా తలుపుకు అంటించారు. దాన్ని రోజూ పొద్దున ముందు ఆయనే చూడాలి. ఒక కన్ను మూసి ఒకసారి, రెండోది మూసి ఒకసారి. “బాగున్న కంటికి ఎలా ఉంటుందో తెలిస్తే కదా, నాది పోల్చుకునేది,” అంటుంది ఆవిడ.

ఆవిడతో మాట్లాడుతూ అప్పుడప్పుడు మధ్యలో ఆగిపోతారాయన. ఈ మనిషికి ఒకనాడు తన మొహం కనబడదు.

ఇవాళ టీ తాగి కాగితం ముందుకు వెళ్ళారు. ఎడమ కన్ను మూశారు.

“ఈ కాపీ తీసినవాడెవడో గానీ, కాగితం జారనిచ్చాడు. ఒక్కడూ ఒక్క పనీ తిన్నగా చేసి చావడు,” అని సణిగారు. గోడ మీది పటం వేలెడు ఒరిగినా, ఎదురింటాయన కారు గీత దాటి నిలిచినా ఆయన అలా సణుగుతూనే ఉంటారు.

ఆవిడ టీ కప్పు అక్కడే పెట్టి వచ్చింది. కాగితం ముందు చాలాసేపు నిలబడింది.

“నాకు గీతలు వంగి కనబడుతున్నాయండీ. ఇప్పుడే వెళ్దాం,” అంది.

మాస్టారు కాపీ సంగతి మరిచిపోయారు. కుడి చెప్పు ఎడమకాలికి తొడుక్కుని, మళ్ళీ మార్చుకున్నారు. టాక్సీలో ఆవిడ చెయ్యి వదల్లేదు. ఆ చెయ్యి చల్లబడిపోయి ఉంది.

“భయపడకు. నేనున్నానుగా.”

ఏడాదిన్నరలో మొదటిసారి ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

ఫోటోలు తీసే గదిలో టెక్నీషియన్ అమ్మాయి పాత ఫోటోలు తెర మీద పెట్టుకుని, “రండి అంకుల్,” అంది.

“ఇవాళ నేను కూర్చుని చూపించే తీరిక లేదమ్మా. నేరుగా ఆవిడకే తీయి,” అని మాస్టారు కుర్చీ ముందుకు లాగారు. భార్య వైపు తిరిగి నెమ్మదిగా చెప్పారు. “కూర్చో. గడ్డం ఇక్కడ ఆనించు. ఆకుపచ్చ చుక్కనే చూడు. ఏం కాదు, ఒక్క నిమిషం.”

ఆవిడ కూర్చోలేదు. కుర్చీ వీపు పట్టుకుని నిలబడిపోయింది.

ఆ అమ్మాయి ఇద్దరినీ అయోమయంగా చూసి, తెర మీది పేరు మరోసారి చదువుకుని, “ఆంటీ కళ్ళు మొదటి నుంచీ బాగానే ఉన్నాయి కదా అంకుల్, ఈ ఫోటోలన్నీ మీ కుడి కంటివి,” అంది.