వారం రోజులు వచ్చిన మనిషి

మధ్యాహ్నం మూడింటికి ఆమె మళ్లీ వచ్చి కూర్చుంది.

2003 ఎండాకాలం. గవర్నర్‌పేటలోని డాక్టర్ ఉషశ్రీ ఆసుపత్రిలో కొత్తగా ఒక కంప్యూటర్ పెట్టారు. లక్షణాలు ఒక్కొక్కటే అడిగి, జబ్బు చర్మానిదా, లివర్‌దా అని డాక్టరుకు అంచనా చెప్పే కృత్రిమ మేధ ప్రోగ్రాం అందులో ఉంది.

దాన్ని తయారుచేసిన జాహిద్ తెర మీది ప్రశ్నల్ని పైకి చదివి, రోగులు చెప్పిన జవాబులు ఎక్కించేవాడు.

వారం రోజులుగా ఆమె ఆ ప్రశ్నలు వింటూ కూర్చుంటోంది. యాభై దాటిన మనిషి. చీటీ రాయించుకోదు. జబ్బేమిటని అడిగితే నవ్వుతుంది. ఫ్యాను గాలి కోసం వస్తోందనుకున్నారు.

ఆరోజు జాహిద్‌ని ఆపి అడిగింది.

"పొక్కులేమీ లేకుండా అరచేతులు దురద పెడితే లివరేనా బాబూ?"

"కావచ్చమ్మా. పరీక్ష చేయించాలి."

ఆ మాటే పెదాలు కదుపుతూ మళ్లీ అనుకుంది.

రోగులకు కుర్చీలు చాలడం లేదని, పని లేకపోతే రావద్దని ఉషశ్రీ చెప్పింది.

"అట్టాగేనమ్మా" అని లేచి వెళ్లింది. మళ్లీ రాలేదు.

ఉషశ్రీకి ఒకటే బెంగ. కళ్లు పచ్చబడి, పొట్ట ఉబ్బాక గానీ రోగులు వచ్చేవారు కాదు. అప్పుడు కంప్యూటర్ ఎంత సరిగ్గా చెప్పినా ఏం లాభం?

వానలు పడ్డాక ఆ తీరు మారింది. చల్లపల్లి వైపు నుంచి ఆడవాళ్లు జబ్బు ముదరకముందే రాసాగారు. కంప్యూటర్ అనుమానించింది రక్తపరీక్షలో నిజమయ్యేది. మందులతో కోలుకునేవారు. తన ప్రోగ్రాం పేరు ఊళ్లకు పాకిందని జాహిద్ అందరికీ మిఠాయి పంచాడు.

దసరా ముందు, అలా వచ్చి మందులు వాడిన వెంకటరత్నమ్మ సంచినిండా జామకాయలతో వచ్చింది. ఆమెకు పూర్తిగా నయమైంది. నొప్పి కూడా లేనప్పుడు ఆసుపత్రికి రావాలని ఎలా తోచిందని ఉషశ్రీ అడిగింది.

"నాకేం తోచిందండీ. ఆమినాబీ నా చెయ్యి పట్టుకుని, అరచెయ్యి ఇంత ఎర్రగా ఉందేమంది. దురదుందా, పొక్కులున్నాయా అని వరసపెట్టి అడిగింది. మీ దగ్గర వారం రోజులు కూర్చుని నేర్చుకుందట. నన్ను బస్సెక్కించేదాకా ఊరుకోలేదు."

జాహిద్ చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. ఆ ప్రశ్నలు తనవే.

ఉషశ్రీ కుర్చీ ముందుకు జరుపుకుని అడిగింది.

"ఆవిడ నర్సాండీ?"

వెంకటరత్నమ్మ నవ్వుతూ రెండు చేతులూ చాచి చూపించింది.

"కాదండీ, మా చుట్టుపక్కల ఊళ్లల్లో ఆడవాళ్లందరికీ గాజులు తొడిగే మనిషి."